ఊరి రోడ్డుకూ జాతీయ రహదారికీ నడుమ

2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. జాతీయ, రాష్ట్ర రహదారుల అంచు నుంచి 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదనీ, 2017 ఏప్రిల్ 1 తర్వాత ఉన్నవి కూడా కొనసాగరాదనీ దాని సారాంశం. తాగి బండి నడపడం వల్ల రోడ్ల మీద పోతున్న ప్రాణాలను చూసి ఇచ్చిన తీర్పు అది. గడువు దగ్గరపడేకొద్దీ కొన్ని ప్రభుత్వాలు దుకాణాల జోలికి పోకుండా రోడ్ల హోదా మార్చేశాయి. చండీగఢ్ యంత్రాంగం తన పరిధిలోని రాష్ట్ర రహదారులను జిల్లా ప్రధాన రోడ్లుగా ప్రకటించింది. రాజస్థాన్ లాంటి రాష్ట్రాలు పట్టణాల మధ్య నుంచి పోయే ముక్కలను రాష్ట్ర రహదారుల జాబితాలోంచి తీసేశాయి. చివరికి 2017 జూలైలో, పురపాలక సంఘాల పరిధిలో లైసెన్సు ఉన్న దుకాణాలకు ఆ నిషేధం వర్తించదని కోర్టే స్పష్టం చేసింది. తారు అదే, లారీలు అవే, మలుపులూ అవే. ఒక్క ఉత్తర్వుతో ఆ రోడ్డుకు వర్తించే కట్టుబాటు మారిపోయింది.

రోడ్డు హోదాను మనం సాధారణంగా పట్టించుకోం. గుంత పడితే ప్రభుత్వాన్ని తిడతాం, ఏ ప్రభుత్వమో ఆలోచించం. కానీ ఒక రోడ్డు ఎంత వెడల్పు ఉండాలి, దాని మరమ్మతుకు డబ్బు ఏ ఖాతాలోంచి రావాలి, వంతెన బీటలిస్తే ఎవరు వచ్చి చూడాలి అన్నవన్నీ ఆ హోదాను బట్టే తేలతాయి. దేశంలో ఉన్న సుమారు 63 లక్షల కిలోమీటర్ల రోడ్లలో జాతీయ రహదారులు 1.46 లక్షల కిలోమీటర్లు, రాష్ట్ర రహదారులు 1.8 లక్షల కిలోమీటర్లు. మిగిలినవన్నీ జిల్లా రోడ్లు, గ్రామ రోడ్లు, పట్టణాల వీధులు, ప్రాజెక్టుల రోడ్లు. పైనున్న జాతీయ రహదారికి కేంద్రం ఉంది. అట్టడుగున ఉన్న ఊరి రోడ్డుకు 2000 నుంచి ఒక కేంద్ర పథకం ఉంది. ఆ రెంటి నడుమ ఉన్న రాష్ట్ర రహదారి, జిల్లా రోడ్డు మాత్రం ఏడాదికేడాది బడ్జెట్‌లో ఏం మిగులుతుందా అని చూస్తూ బతుకుతున్నాయి. మన ప్రయాణాల్లో ఎక్కువ భాగం ఈ నడిమి రోడ్ల మీదే సాగుతుంది గనక ఈ సంగతి మనకు పట్టాలి.

ఈ వర్గీకరణకు ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. 1919 సంస్కరణలతో రోడ్లు ప్రావిన్సుల చేతికి వచ్చాయి. ప్రావిన్సులు చాలా రోడ్లను జిల్లా బోర్డులకు, తాలూకా బోర్డులకు అప్పగించాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన జిల్లాల్లో పాతతరం వాళ్లు ‘లోకల్ ఫండ్ రోడ్డు’, ‘జిల్లా బోర్డు రోడ్డు’ అని పిలిచినవి అవే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మోటారు బండ్లు పెరిగేసరికి ఎడ్ల బండ్ల కోసం వేసిన కంకర బాటలు తట్టుకోలేకపోయాయి. 1927లో ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన వేసిన కమిటీ మరుసటి ఏడాది నివేదిక ఇచ్చింది. రోడ్ల అభివృద్ధి ప్రావిన్సులకూ స్థానిక సంస్థలకూ మించిన భారమైందనీ, పెట్రోలు మీద అదనపు పన్ను వేసి ఒక నిధి ఏర్పాటు చేయాలనీ అది చెప్పింది. 1929లో కేంద్ర రహదారి నిధి అలా పుట్టింది. 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏర్పడింది. 1943 డిసెంబరులో ప్రావిన్సుల, సంస్థానాల చీఫ్ ఇంజనీర్లు నాగపూర్‌లో సమావేశమై ఈనాటికీ మనం వాడుతున్న మెట్లు కట్టారు. జాతీయ రహదారులు, ప్రావిన్సు రహదారులు, జిల్లా ప్రధాన రోడ్లు, ఇతర జిల్లా రోడ్లు, గ్రామ రోడ్లు. స్వాతంత్ర్యం తర్వాత ప్రావిన్సు రహదారి రాష్ట్ర రహదారి అయింది.

నాగపూర్ ఇంజనీర్ల ఆలోచనలో స్పష్టత ఉంది. రాజధానులను, రేవులను, సరిహద్దులను కలిపేది జాతీయ రహదారి. జిల్లా కేంద్రాలను, ముఖ్య పట్టణాలను జాతీయ రహదారితో కలిపేది రాష్ట్ర రహదారి. పంట పండే చోటును అంగడితో కలిపేది జిల్లా ప్రధాన రోడ్డు. తాలూకా స్థాయిలో తిరిగేది ఇతర జిల్లా రోడ్డు. ఊరినీ ఊరినీ కలిపేది గ్రామ రోడ్డు. ఒక్కో మెట్టుకు ఒక్కో పని. ఆ తర్వాత 1981లో వచ్చిన లక్నో ప్రణాళిక వీటిని ప్రాథమిక, ద్వితీయ, తృతీయ శ్రేణులుగా మళ్లీ కూర్చింది గానీ మెట్ల వరస మారలేదు.

రాజ్యాంగం ఈ వరసనే చట్టంగా మార్చింది. ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 23వ అంశం జాతీయ రహదారులను పార్లమెంటుకు అప్పగించింది. రాష్ట్ర జాబితా 13వ అంశం మిగిలిన రోడ్లు, వంతెనలు, పడవ రేవులను రాష్ట్రాలకు ఇచ్చింది. 1992లో చేసిన 73, 74వ సవరణలతో వచ్చిన పదకొండు, పన్నెండో షెడ్యూళ్లలో పంచాయతీలకూ పురపాలక సంఘాలకూ కూడా రోడ్ల బాధ్యత చేరింది. 1956 జాతీయ రహదారుల చట్టం ప్రకారం అలా ప్రకటించిన రోడ్డు కేంద్రం ఆస్తి అవుతుంది. దాన్ని బాగుచేసే బాధ్యతా కేంద్రానిదే. అయితే ఆ పనిని రాష్ట్రానికి అప్పగించవచ్చని కూడా చట్టం చెప్పింది. అందుకే జాతీయ రహదారి మీద చాలా చోట్ల జాతీయ రహదారుల సంస్థ కాక, రాష్ట్ర రోడ్లు, భవనాల (ఆర్ అండ్ బీ) శాఖలోని జాతీయ రహదారుల విభాగం పని చేస్తూ కనిపిస్తుంది. డబ్బు ఢిల్లీది, ఇంజనీరు మన ఊరివాడు.

రాష్ట్ర రహదారికి ఇలాంటి ఏకరూప చట్టం లేదు. కర్ణాటక 1964లో, తమిళనాడు 2001లో తమ సొంత హైవే చట్టాలు చేసుకున్నాయి. రోడ్డు సరిహద్దు ఎక్కడి దాకా, దాని పక్కన ఇల్లు ఎంత దూరంలో కట్టాలి, ఆక్రమణ తొలగించే అధికారం ఎవరిది అన్నవి వాటిలో ఉన్నాయి. మన దగ్గర ఒక రోడ్డును జిల్లా రోడ్డు నుంచి రాష్ట్ర రహదారి చేయాలన్నా, పంచాయతీరాజ్ నుంచి ఆర్ అండ్ బీకి బదలాయించాలన్నా ప్రభుత్వం ఒక జీవో ఇస్తే చాలు. ఇందులో ఒక మంచి ఉంది, పని త్వరగా జరుగుతుంది. ఒక ప్రమాదమూ ఉంది. ఆ జీవోకు రద్దీ లెక్క ఆధారమా, ఎమ్మెల్యే వినతిపత్రం ఆధారమా అని బయటివాడు తేల్చుకునే దారి ఉండదు.

హోదా మారితే నేల మీద ఏం మారుతుంది? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో, ఊరి బయట, జాతీయ రహదారికైనా రాష్ట్ర రహదారికైనా 45 మీటర్ల స్థలం ఉండాలి. జిల్లా ప్రధాన రోడ్డుకు 25, ఇతర జిల్లా రోడ్డుకు 15, గ్రామ రోడ్డుకు 12 మీటర్లు. బండి సురక్షితంగా పోగల వేగం గ్రామ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు అనుకుని మలుపులు గీస్తారు. రాష్ట్ర రహదారి మీద అది 100. ఒంటి వరస తారు రోడ్డు 3.75 మీటర్లు, రెండు వరసలైతే 7 మీటర్లు. అంటే గ్రామ రోడ్డుగా పుట్టిన దారి మీదకు రాష్ట్ర రహదారి రద్దీ వచ్చి పడితే, తారు మందం పెంచినంత మాత్రాన సరిపోదు. వంపు మారాలి, స్థలం సేకరించాలి, కల్వర్టులు వెడల్పు చేయాలి. జీవోతో ఇవేవీ రావు.

భీమవరం చుట్టుపక్కల డెల్టా రోడ్లను చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. ఒకప్పుడు వరి చేల మధ్య నుంచి కాలువ పక్కన పోయిన రోడ్లివి. వరి పోయి చేపలు, రొయ్యల చెరువులు వచ్చాయి. రోడ్డుకు రెండు పక్కలా చెరువు గట్లు. ఏడాది పొడుగునా నిండుగా ఉండే నీరు గట్టులోంచి మెల్లగా రోడ్డు కిందకు దిగుతుంది. నల్లరేగడి మట్టి నీరు తాగి ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. కింద మట్టి మెత్తబడ్డాక పైన మంచి తారు వేసినా రెండు వానలకు మించి నిలవదు. ముందుగా అంచు విరుగుతుంది. రోడ్డు పక్క మట్టి అంచు, అంటే బెర్ము, కిందికి జారుతుంది. ఎదురుగా బండి వస్తే దిగడానికి చోటుండదు. ఆ రోడ్డు మీదనే మేత బస్తాల లారీలు, ఐసు లారీలు, చేపల పెట్టెలతో కలకత్తా వైపు పోయే పది చక్రాల బండ్లు. కాగితం మీద అది జిల్లా రోడ్డే, అందులో కొంత భాగం పంచాయతీరాజ్ రోడ్డే. దాని మీద నడిచే సరుకు మాత్రం దేశం దాటి పోతుంది. చెరువు తవ్వేవాడు రోడ్డుకు ఎంత దూరంలో ఆగాలో పట్టుబట్టి చెప్పగల అధికారి ఆ రోడ్డుకు ఉండాలి. హోదా తగ్గేకొద్దీ ఆ అధికారం పలచబడుతుంది.

బరువు సంగతి ఇంకా తీవ్రం. 1950ల చివర అమెరికాలోని ఇలినాయ్‌లో జరిగిన పెద్ద రోడ్డు పరీక్షలు ఒక సూత్రాన్ని బయటపెట్టాయి. ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం ఇంచుమించు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 2018 జూలైలో కేంద్రం నాలుగు టైర్ల ఒంటి ఇరుసు మీద అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. బరువు పెరిగింది ఎనిమిదో వంతే. లెక్క కట్టి చూస్తే రోడ్డు అరుగుదల సుమారు 60 శాతం పెరుగుతుంది. చట్టం దాటి ఎక్కించే ఇసుక, గ్రానైటు బరువులు దీని మీద అదనం. లారీ యజమానులకు ఆ నిర్ణయంతో ఊరట కలిగిన మాట నిజమే. కానీ ఆ అరుగుదల ఖర్చును నాలుగు వరసల జాతీయ రహదారి టోలు రూపంలో కొంత రాబట్టుకుంటుంది. గ్రానైటు లారీలు తిరిగే చీమకుర్తి దగ్గరి జిల్లా రోడ్డుకు రాబట్టుకునే దారి లేదు. రోడ్డు మీద తిరిగే బండ్ల నుంచి రాష్ట్రం వసూలు చేసే వాహన పన్ను సాధారణ ఖజానాలో కలుస్తుంది, అది రోడ్డు పద్దుకు నేరుగా చేరాలన్న నిబంధన లేదు.

ఇక అసలు ముడి డబ్బు. 2000లో పార్లమెంటు కేంద్ర రహదారి నిధి చట్టం చేసింది. డీజిలు మీద వచ్చే సెస్సులో సగం గ్రామీణ రోడ్లకు. మిగిలినదాంట్లో 57.5 శాతం జాతీయ రహదారులకు, 12.5 శాతం రైల్వే వంతెనలకు, 30 శాతం రాష్ట్ర రోడ్లకు అన్నది మొదటి పంపకం. 2018లో దాన్ని రహదారి, మౌలిక సదుపాయాల నిధిగా మార్చి, పరిధిని రోడ్లు దాటించి విస్తరించారు. ఈ నిధిలో రాష్ట్ర రోడ్ల వాటాను ఇంధన వినియోగం, భౌగోళిక విస్తీర్ణం చూసి పంచుతారు, పనుల జాబితాకు ఢిల్లీ ఆమోదం కావాలి. అది కొత్త వెడల్పుకు, వంతెనకు పనికొస్తుంది. గుంతలు పూడ్చడానికీ, డ్రెయిన్లు తీయించడానికీ, బెర్ములు ఎత్తు చేయడానికీ రాష్ట్ర బడ్జెట్టే దిక్కు.

ఆ మామూలు నిర్వహణే ఎప్పుడూ వెనకబడేది. కొత్త రోడ్డుకు శంకుస్థాపన ఉంటుంది, డ్రెయిన్‌లో పూడిక తీయడానికి ఉండదు. పన్నెండో ఆర్థిక సంఘం ఈ లోపాన్ని గుర్తించి, 2006 నుంచి 2010 దాకా రోడ్లు, వంతెనల నిర్వహణకని రాష్ట్రాలకు ప్రత్యేకంగా 15,000 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. పదమూడో ఆర్థిక సంఘం 19,930 కోట్లు అంది. అలా నిర్వహణకే అని ముద్ర వేసి ఇచ్చిన డబ్బు నడిమి రోడ్లకు చాలా మేలు చేయగలదు, దాన్ని మరో పద్దుకు మళ్లించడం కష్టం గనక. ఆ పద్ధతి శాశ్వతం కావలసింది.

రాష్ట్రాలు తమ వంతుగా అప్పుల దారి పట్టాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో ప్రపంచ బ్యాంకు సాయంతో రాష్ట్ర రహదారుల ప్రాజెక్టు చేపట్టింది. 1998లో చట్టం చేసి రహదారి అభివృద్ధి కార్పొరేషన్‌ను పెట్టింది. 2009లో మరో ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టు వచ్చింది. అంతకుముందు ఆసియా అభివృద్ధి బ్యాంకు డబ్బుతో వేసిన రాజానగరం–సామర్లకోట దారిని గోదావరి జిల్లాల జనం ఈనాటికీ ఏడీబీ రోడ్డనే అంటారు. అప్పు ఇచ్చినవాడి పేరే రోడ్డు పేరు అయిపోయింది. విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో పెట్రోలు, డీజిలు మీద లీటరుకు రూపాయి రహదారి సెస్సు వేసి, ఆ రాబడిని చూపి కార్పొరేషన్ ద్వారా బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చింది. మండల కేంద్రాలను జిల్లా కేంద్రాలతో రెండు వరసల రోడ్లతో కలపడానికి న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు రుణం కూడా కుదుర్చుకుంది. ఇవన్నీ తప్పులు కావు. కానీ అప్పుతో వేసిన రోడ్డుకు కూడా ఐదో ఏట పైపొర కావాలి, ఆ పైపొరకు విదేశీ బ్యాంకు డబ్బు రావడం అరుదు.

ఈ ఇరుకులో రాష్ట్రాలకు కనిపించిన సులువైన మార్గం రోడ్డును జాతీయ రహదారి చేయించడం. 2014లో 91 వేల కిలోమీటర్ల పైచిలుకున్న జాతీయ రహదారులు 1.46 లక్షలకు పెరిగాయంటే, ఆ పెరుగుదలలో పెద్ద భాగం కొత్తగా భూమి మీద వెలిసిన రోడ్లు కావు, అంతవరకూ రాష్ట్ర రహదారులుగా ఉన్నవే. ముఖ్యమంత్రి ఎవరైనా ఢిల్లీ వెళ్తే అందించే వినతిపత్రంలో ఫలానా రోడ్డుకు జాతీయ హోదా అన్న పంక్తి తప్పకుండా ఉంటుంది. భారం తగ్గుతుంది గనక ఆ తాపత్రయం అర్థమయ్యేదే. చిక్కేమిటంటే, సూత్రప్రాయంగా ఒప్పుకున్నామన్న ప్రకటనకూ, గెజిట్ నోటిఫికేషన్‌కూ మధ్య ఏళ్లు గడుస్తాయి. ఎలాగూ కేంద్రం తీసుకుంటుందని రాష్ట్రం ఖర్చు పెట్టదు, ఇంకా మనది కాలేదని కేంద్రం పెట్టదు. ఆ నడుమ ఏళ్లలో ఆ రోడ్డు మీద నడిచేవాడి నడుము విరుగుతుంది.

దీనికి వ్యతిరేక దిశలో జరిగేదీ ఉంది. జాతీయ రహదారికి బైపాస్ వేశాక ఊరి మధ్య మిగిలిపోయిన పాత ముక్కను కేంద్రం రాష్ట్రానికో, పురపాలక సంఘానికో తిరిగి అప్పగిస్తుంది. ఏలూరు నడిబొడ్డున పోయే పాత మద్రాసు–కలకత్తా రోడ్డు లాంటి ముక్కలు ప్రతి పెద్ద పట్టణంలోనూ ఉన్నాయి. బైపాస్ మీద లారీలు పోతాయి గానీ ఊళ్లో బస్సులు, ఆటోలు, బడి వ్యాన్లు, తోపుడు బండ్లు ఎక్కడికీ పోవు. అప్పగించే రోజున ఒకసారి బాగుచేసి ఇస్తారు. ఆ తర్వాత ఆ ముక్కకు ఏటా ఎంత కావాలో ఎవరూ లెక్కలో పెట్టుకోరు.

పట్టణంలో మరో తిరకాసు. ఆర్ అండ్ బీ రోడ్డు ఊరి మధ్య నుంచి పోతుంటే నడుమ తారు ఆ శాఖది, పక్కన డ్రెయిన్, వీధి దీపం, కాలిబాట పురపాలక సంఘానివి. డ్రెయిన్ పూడిపోతే నీరు తారు మీద నిలుస్తుంది. తారుకు నీటికి మించిన శత్రువు లేదు. గుంత పడితే ఫిర్యాదు ఆర్ అండ్ బీకి వెళ్తుంది, కారణం మాత్రం మునిసిపాలిటీ దగ్గర ఉంటుంది. నీటి పైపు వేయడానికి మూడో శాఖ, కేబులు కోసం నాలుగో సంస్థ వచ్చి తవ్వుతాయి. కాలువ గట్టు మీది రోడ్డైతే అది నీటిపారుదల శాఖ సొత్తు. అడవిలోదైతే అటవీ శాఖ అనుమతి కావాలి. ఇన్ని చేతుల మధ్య నష్టపోయేది మాత్రం ఒకే రోడ్డు.

పాత పద్ధతిలో ఒక మంచి ఉండేది. కొన్ని కిలోమీటర్లకు ఒక గ్యాంగు, దానికో మేస్త్రీ. ఆ గ్యాంగు మజ్దూర్లు పార, గంప పట్టుకుని రోజూ ఆ ముక్క మీదనే తిరిగేవారు. చిన్న గుంత కనపడితే ఆ రోజే కంకర పోసి కొట్టేవారు. కల్వర్టు నోట్లో చెత్త చేరితే వానకు ముందే లాగేవారు. రోడ్డు పక్క కల్వర్టు గోడ మీద ఇప్పటికీ నల్ల రంగుతో 23/4 లాంటి అంకె కనిపిస్తుంది. 23వ కిలోమీటరులో నాలుగో కట్టడం అని దాని అర్థం. ఆ అంకె కార్యాలయంలోని రిజిస్టరులో ఒక వరసకు ముడిపడి ఉంటుంది. ఎప్పుడు కట్టారు, ఎన్ని తూములు, చివరిసారి ఎప్పుడు చూశారు అన్నవి అందులో ఉండాలి. గ్యాంగులు విరమణతో తరిగిపోయాయి, ఖాళీలు నింపలేదు, పని టెండర్ల మీదకు పోయింది. టెండరు పిలిచి, ఒప్పందం కుదిరి, బిల్లు వచ్చేలోపు అరచేతి వెడల్పు గుంత బండి చక్రం మునిగేంత అవుతుంది. బిల్లులు నెలల తరబడి ఆగితే టెండరు వేయడానికే గుత్తేదార్లు రారు. నిర్వహణ అంటే ఎవరో ఒకరు ఆ రోడ్డు మీద రోజూ ఉండటమని ఆ పాత ఏర్పాటుకు తెలుసు.

ఇక ప్రాణాల లెక్క. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. జాతీయ రహదారుల మీద 61 వేలు, రాష్ట్ర రహదారుల మీద 41 వేలు, మిగిలిన రోడ్ల మీద 66 వేలు. రాష్ట్ర రహదారులు మొత్తం పొడవులో మూడు శాతం కూడా లేవు, చావుల్లో వాటి వాటా దాదాపు నాలుగో వంతు. వేగం పెద్ద రోడ్డుది, వెడల్పు చిన్న రోడ్డుది అయినప్పుడు ఇలాగే ఉంటుంది. మధ్యన డివైడరు లేని రెండు వరసలు, ఊళ్లలోంచి నేరుగా దూసుకుపోయే దారి, చీకట్లో లైటు లేని ట్రాక్టరు ట్రాలీ. జాతీయ రహదారుల మీద ప్రమాద స్థలాలను గుర్తించి సరిచేసే ఏర్పాటుకు కొంత డబ్బు, కొంత పట్టుదల వచ్చాయి. అవి రాష్ట్ర రహదారుల దాకా దిగి రావాలి. నా మటుకు ఈ ప్రశ్న మొత్తంలో అన్నిటికంటే తొందరపడవలసింది ఇదే.

వంతెనల దగ్గర బాధ్యత మసకబారితే ఏమవుతుందో ఈ మధ్యే చూశాం. 2025 జూలై 9న గుజరాత్‌లో వడోదర, ఆణంద్ జిల్లాలను కలుపుతూ మహీసాగర్ నది మీద ఉన్న గంభీర వంతెన కూలింది. 1985 నాటి కట్టడం, అక్కడి ఆర్ అండ్ బీ శాఖ నిర్వహణలోనిది. 20 మందికి పైగా చనిపోయారు. తర్వాత కొందరు ఇంజనీర్లను సస్పెండ్ చేశారు.

ఇలాంటి కథే ఇటలీది, అక్కడ వర్గీకరణ పాత్ర ఇంకా సూటిగా బయటపడింది. ఇటలీలో జాతీయ రోడ్లను చూసే సంస్థ పేరు అనాస్. 1998 నాటి శాసనంతో అక్కడ వేల కిలోమీటర్ల జాతీయ రోడ్లను ప్రాంతాలకు, వాటి ద్వారా ప్రావిన్సులకు బదలాయించారు. 2014లో వచ్చిన డెల్‌రియో చట్టం ఆ ప్రావిన్సుల వ్యవస్థనే కుదించింది, నిధులకూ కోత పడింది. రోడ్లు మాత్రం వాటి మీదనే ఉండిపోయాయి. 2016 అక్టోబరు 28న అన్నోనె అనే ఊరి దగ్గర, కింద అనాస్ రోడ్డు, పైన లెక్కో ప్రావిన్సు రోడ్డు దాటే వంతెన నూరు టన్నులకు మించిన లారీ ఎక్కగానే కూలిపోయింది, కింద కారులో వెళ్తున్న మనిషి చనిపోయాడు. పెళ్లలు రాలుతున్నాయని అంతకు కొన్ని గంటల ముందే తెలిసింది. పై రోడ్డును మూసే ఉత్తర్వు ఎవరివ్వాలి, ఆ వంతెన ఎవరిది అన్నది రెండు సంస్థల మధ్య తేలలేదు. 2018 తర్వాత ఇటలీ వేల కిలోమీటర్ల రోడ్లను తిరిగి అనాస్‌కు చేర్చుకుంది. బాధ్యతను కిందికి దింపి డబ్బును దింపకపోతే ఏ దేశంలోనైనా ఇంతే.

మన దగ్గర అట్టడుగు మెట్టు కథ కొంత మెరుగు. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, మైదానంలో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసాలకు ఏ కాలంలోనైనా నడిచే రోడ్డు అన్న స్పష్టమైన గీటురాయి పెట్టుకుంది. రోడ్డు వేసిన గుత్తేదారే ఐదేళ్లు చూసుకోవాలని ఒప్పందంలోనే రాసింది. రోడ్డు మొదట్లో ఖర్చు, పొడవు, గుత్తేదారు పేరు రాసిన బోర్డు పెట్టింది. నడిమి రోడ్లకు ఇలాంటి గీటురాయి ఎన్నడూ లేదు. ఆరో ఏట ఆ ఊరి రోడ్డు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖ చేతికి వస్తుంది, అక్కడి నుంచి దాని గతీ మిగిలినవాటి గతే. పాడేరు, చింతూరు లాంటి ఏజెన్సీల్లో ఆ రోడ్డు కూడా చేరని గూడేలున్నాయి, గర్భిణిని డోలీలో మోసుకొచ్చే వార్త ప్రతి వానాకాలమూ చదువుతున్నాం. అక్కడ అడవి అనుమతి పేరు చెప్పి ఆలస్యం చేయడానికి ఆస్కారం తక్కువే. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభ సిఫారసుతో, హెక్టారు లోపు అటవీ భూమిలో రోడ్డుకు వెసులుబాటు ఇచ్చింది. గ్రామసభను కూర్చోబెట్టి తీర్మానం చేయించే అధికారి కావాలి, అంతే.

నాగపూర్ సూత్రాలకు ఈ మధ్య కొత్త పరీక్ష వచ్చింది. రాష్ట్ర రహదారి అంటే జిల్లా కేంద్రాలను కలిపేదని గదా వాళ్లన్నది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆసిఫాబాద్, భూపాలపల్లి, పాడేరు, పార్వతీపురం జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేటు వచ్చింది, ఆసుపత్రి స్థాయి పెరిగింది, చుట్టూ మండలాల జనం ఇటు మళ్లారు. వచ్చే రోడ్లు మాత్రం మండల కేంద్రానికి వేసిన కొలతల్లోనే ఉన్నాయి. జిల్లాలు విడగొట్టినప్పుడే రోడ్ల జాబితాను కూడా తిరగరాయాలి. రాష్ట్రం విడిపోయినప్పుడు నార్కట్‌పల్లి–అద్దంకి–మేదరమెట్ల దారి ఒక్కరోజులో రెండు రాష్ట్రాలదైంది, వాడపల్లి దగ్గర కృష్ణ దాటగానే అధికారులు మారిపోతారు. టోలు ఒప్పందం ఉన్న రోడ్డు గనక అది నిలబడింది. ఒప్పందం లేని సరిహద్దు రోడ్లు మన హద్దు దాకా తారు, ఆ తర్వాత గుంతలు అన్నట్టు ఆగిపోతుంటాయి.

నార్కట్‌పల్లి–మేదరమెట్ల దారి, హైదరాబాద్–కరీంనగర్–రామగుండం రాజీవ్ రహదారి నాలుగు వరసల టోలు రోడ్లుగా మారిన రాష్ట్ర రహదారులు. రద్దీ బాగా ఉన్న చోట ఈ పద్ధతి నడుస్తుంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు రాష్ట్ర రోడ్ల నిర్వహణను ఏజెన్సీలకు అప్పగించి, పెద్ద బండ్ల నుంచి మాత్రం టోలు తీసుకునే ఆలోచన శాసనసభ ముందు పెట్టారు. టోలు అంటే జనానికి సహజంగా కోపం. దానికంటే పంజాబ్‌లో సంగ్రూర్–మాన్సా–భటిండా ప్రాంతంలో ప్రపంచ బ్యాంకు సాయంతో చేసిన పదేళ్ల నిర్వహణ ఒప్పందం, తమిళనాడు హైవే శాఖ పొల్లాచ్చి వైపు చేసిన ప్రయోగం మనకు ఎక్కువ పనికొస్తాయని నాకనిపిస్తుంది. వాటిలో గుత్తేదారుకు గుంత పూడ్చినందుకు కాక, రోడ్డు గుంతలు లేకుండా ఉన్నందుకు నెలనెలా డబ్బిస్తారు. అలా ఇవ్వాలంటే ప్రభుత్వం బిల్లు ఆపకూడదు. అక్కడే మన రాష్ట్రాలు తమను తాము కట్టడి చేసుకోవాలి.

చేయవలసినవి పెద్దగా కొత్తవేమీ కావు. ఏటా రెండుసార్లు, ఏడేసి రోజులు, రాత్రింబవళ్లు బండ్లు లెక్కపెట్టాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో చెప్పింది. శాఖలు లెక్కపెడుతున్నాయి కూడా. ఐదేళ్లకొకసారి ఆ లెక్కలను ముందు పెట్టుకుని, ఏ రోడ్డు ఏ మెట్టు మీద ఉండాలో తిరిగి నిర్ణయించి, ఆ జాబితాను కారణాలతో సహా శాసనసభకు ఇవ్వాలి. మెట్టు ఎక్కించిన రోడ్డుకు ఆ ఏడాదే పద్దు చూపాలి. దింపిన రోడ్డునైనా, ఒక శాఖ నుంచి మరో శాఖకు బదలాయించిన రోడ్డునైనా వంతెనల తనిఖీ నివేదిక, ఐదేళ్ల నిర్వహణ నిధి లేకుండా అప్పగించకూడదు. వాహన పన్నులో ఒక వాటా నిర్వహణకే అని చట్టంలో రాయాలి. పట్టణంలో ఆర్ అండ్ బీ రోడ్డు పక్కన ఉన్న డ్రెయిన్‌ను కూడా అదే ఇంజనీరు కిందికి తేవాలి. ప్రతి పది కిలోమీటర్లకు ఒక బోర్డు పెట్టి, ఈ రోడ్డు ఏ శాఖది, ఏ సబ్ డివిజన్ పరిధిలోనిది, దీన్ని చూసే డిప్యూటీ ఇంజనీరు కార్యాలయం ఫోను నంబరేమిటి, చివరిసారి పైపొర ఏ సంవత్సరం వేశారో రాయాలి. పథకం కింద వేసిన రెండు కిలోమీటర్ల ఊరి రోడ్డుకు ఉన్న ఈ బోర్డు, రోజూ వేల బండ్లు తిరిగే జిల్లా రోడ్డుకూ రాష్ట్ర రహదారికీ కూడా ఉండి తీరాలి.